మోటార్‌హోమ్ వెనక యాక్సిల్ ఏదో గుర్తుపట్టడం ఎలా? ఎడమ చక్రం దగ్గర ఆయిల్ లీకు, 60 దాటితే కూత

సికింద్రాబాద్ సంచారి
అందరికీ నమస్కారం. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక మోటార్‌హోమ్ కొన్నాను. ఆరు టైర్ల లైట్ ట్రక్ చాసిస్ మీద బాడీ కట్టించిన బండి. లోపల రెండు మంచాలు, చిన్న వంటగది, బాత్రూమ్, వెనక వైపు 200 లీటర్ల నీళ్ల ట్యాంకు ఉన్నాయి. చాసిస్ కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే తప్పు వాళ్లది కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

సమస్య ఇది. స్పీడు 60 దాటగానే వెనక నుంచి వూ మని కూత వస్తోంది. ఎడమ వెనక చక్రం లోపలి వైపు తడిగా, జిడ్డుగా ఉంటోంది. బోయిన్‌పల్లి దగ్గర ఒక మెకానిక్‌కి చూపిస్తే కిందకి వంగి చూసి "క్రౌన్ పినియన్ పోయింది, మొత్తం మార్చాలి, అరవై వేలు అవుతుంది" అన్నాడు. క్రౌన్ పినియన్ అంటే ఇంజన్ వైపు నుంచి వచ్చే షాఫ్ట్ తిరుగుడుని వెనక చక్రాలకి అందించే పళ్ల చక్రాల జత. ఏ యాక్సిల్, ఏ రేషియో (చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క) అని అడిగితే చెప్పలేదు. పాత ఓనర్ దగ్గర సర్వీసు కాగితాలేమీ లేవు. నెలాఖరుకి శ్రీశైలం వెళ్లాలని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. ఘాట్ రోడ్డు కాబట్టి నాకు టెన్షన్‌గా ఉంది. ముందు ఈ యాక్సిల్ ఏంటో ఎలా తెలుసుకోవాలి?

నిజాంపేట రోడ్డు
వెనక జంట టైర్లు అంటున్నారు, రియర్ వీల్ డ్రైవే కదా? ఎందుకు అడుగుతున్నానంటే వ్యాన్ మీద కట్టిన బండ్లలో అందరికీ ఈ తికమక ఉంటుంది. టాటా వింగర్ ఫ్రంట్ వీల్ డ్రైవ్. దాని వెనక ఉండేది ఉత్త మోసే యాక్సిల్, అందులో క్రౌనూ ఉండదు, హౌసింగ్ (ఆ పళ్ల చక్రాలుండే ఇనప డబ్బా) ఆయిలూ ఉండదు. మా ఫ్రెండ్ వింగర్‌కి "వెనక హౌసింగ్ ఆయిల్ మార్చాం" అని ఒక చోట బిల్లు వేశారు.

సికింద్రాబాద్ సంచారి
అవునండీ, రియర్ వీల్ డ్రైవే. ప్రొపెల్లర్ షాఫ్ట్ కనిపిస్తోంది, మధ్యలో గుండ్రటి హౌసింగ్ ఉంది.

ఆటోనగర్ అబ్బాయి
అన్నా, ఇప్పుడే ఏదీ విప్పనియ్యకండి. మా నాన్న వనస్థలిపురం ఆటోనగర్‌లో హౌసింగ్ పనే చేసేవారు, ఇప్పుడు నేను చేస్తున్నా. యాక్సిల్ ఏదో తెలియకుండా రేటు చెప్పేవాళ్లు మార్చేది సామాను మాత్రమే, జబ్బు అలాగే ఉంటుంది.

ముందు పగటి వెలుతురులో బండి కిందకి వెళ్లి చూడండి. హౌసింగ్ వెనక వైపు బోల్టులతో బిగించిన కవర్ ఉందా, లేక వెనక నున్నగా మూసేసి ముందు వైపు, అంటే షాఫ్ట్ వచ్చే వైపు, చుట్టూ నట్లు ఉన్నాయా? వెనక కవర్ ఉంటే దాన్ని విప్పి అక్కడి నుంచే క్రౌన్ చూడొచ్చు. ముందు నట్లు ఉంటే అది బ్యాంజో హౌసింగ్. అందులో పని చెయ్యాలంటే షాఫ్ట్ తీసి, రెండు యాక్సిల్ రాడ్లు లాగి, క్యారియర్ మొత్తం ముందుకు దింపాలి. మన దగ్గర లైట్ ట్రక్కుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

తర్వాత చక్రం మధ్యలో చూడండి. హబ్ బయటికి పొడుచుకొచ్చి, దాని మీద ప్లేటు, ప్లేటు చుట్టూ చిన్న బోల్టులు ఉన్నాయా, లేక నున్నగా ఉందా? ఆ తర్వాత హౌసింగ్ మీద, ట్యూబ్ మీద ఎక్కడైనా కొట్టిన నంబరు గానీ, బోల్టు కింద ఇరికించిన రేకు ట్యాగు గానీ ఉందేమో వెతకండి. రేషియో ఎక్కువగా ఆ ట్యాగు మీదే ఉంటుంది. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు పెట్టండి.

సికింద్రాబాద్ సంచారి
ఫొటోలు పెట్టాను. వెనక నున్నగా ఉంది, నట్లు ముందు వైపే ఉన్నాయి. అంటే బ్యాంజోనే అన్నమాట. చక్రం మధ్యలో హబ్ బయటికి వచ్చి ఉంది, చుట్టూ 8 బోల్టులు. నంబరు మాత్రం ఎక్కడా కనపడట్లేదు. బాడీ కట్టినవాళ్లు కింద మొత్తం నల్లటి అండర్‌బాడీ కోటింగ్ కొట్టేశారు. హౌసింగ్, ట్యూబులు, బ్రేకు పైపులు, కమాన్ పట్టీలు (స్ప్రింగు పట్టీలు) అన్నీ ఒకే నలుపు. తారు పూసినట్టు మందంగా ఉంది.

దక్కన్ బాటసారి
సంచారి గారూ, నేను వర్క్‌షాప్‌లో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. మీ ఫొటో చూశాక ఒక సంగతి ఖాయంగా చెప్పగలను. మీది ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్. బండి బరువంతా హౌసింగ్ ట్యూబు చివర మీద, రెండు టేపర్ బేరింగుల మీద నిలబడుతుంది. యాక్సిల్ రాడ్డుకి తిప్పే పని తప్ప మోసే పని లేదు. అందుకే ఆ 8 బోల్టులు తీస్తే చక్రం విప్పకుండానే రాడ్డు బయటికి వస్తుంది. సెమీ ఫ్లోటింగ్ అయితే రాడ్డే బరువు మోస్తుంది, విరిగితే చక్రం ఊడిపోయే ప్రమాదం ఉంటుంది. ఎప్పుడూ నిండు బరువుతో తిరిగే మోటార్‌హోమ్‌కి మీదే సరైన రకం. సంతోషించండి.

నంబరు దొరక్కపోయినా రేషియో మీరే లెక్క పెట్టుకోవచ్చు. ముందు చక్రాలకి ఓటాలు (దొర్లకుండా పెట్టే అడ్డు చెక్కలు) వేసి, వెనక రెండు వైపులా లేపి, గట్టి స్టాండ్ల మీద నిలపండి. జాక్ మీద మాత్రం నిలబెట్టకండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేకు వదలండి. టైరు మీద, షాఫ్ట్ మీద సుద్దముక్కతో గీతలు పెట్టండి. ఒక వైపు చక్రాన్ని కదలకుండా ఒకరు పట్టుకోవాలి, రెండో వైపు చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి. ఆ లోపు షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ రేషియో. ఒక చక్రం ఆగి ఉంటే డిఫరెన్షియల్ (రెండు చక్రాల్నీ వేరు వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల రెండోది క్రౌన్ కంటే రెట్టింపు తిరుగుతుంది, అందుకే రెండు చుట్లు.

ఇంకొక ప్రశ్న. మీ స్పీడోమీటర్‌నీ ఫోన్‌లో జీపీఎస్ స్పీడునీ పోల్చి చూశారా?

డల్లాస్ తమ్ముడు
అన్నలకి నమస్తే. ఇక్కడ అమెరికా మోటార్‌హోమ్‌ల సంగతి కాస్త చెప్తాను, పోల్చుకోడానికి పనికొస్తుందేమో. ఇక్కడి పెద్ద బండ్ల కింద డానా యాక్సిళ్లు, జనరల్ మోటార్స్ 14 బోల్టుల యాక్సిల్ తరచుగా కనిపిస్తాయి. వాటికి వెనక కవర్ ఉంటుంది, జనం దాని బోల్టులు లెక్కపెట్టి గుర్తుపడతారు. జీఎం దానికి 14 బోల్టులు, రింగ్ గేర్ (మీరు క్రౌన్ అనేది) 10.5 అంగుళాలు. డానా 60, 70, 80 మూడింటికీ 10 బోల్టులే, కాబట్టి లెక్కతో తేలదు. రింగ్ గేర్ సైజు చూడాలి: 60కి 9.75 అంగుళాలు, 70కి 10.5, 80కి 11.25. హౌసింగ్ పోతలోనే మోడల్ నంబరు ఉబ్బెత్తుగా ఉంటుంది, యాక్సిల్ ట్యూబ్ మీద బిల్ ఆఫ్ మెటీరియల్ నంబరు (ఏ పార్టులతో కట్టారో చెప్పేది) కొట్టి ఉంటుంది. ఆ నంబరు చెప్తే పార్టుల షాపువాళ్లు రేషియోతో సహా చెప్పేస్తారు.

ఒక హెచ్చరిక కూడా. ఇక్కడి కొన్ని మోటార్‌హోమ్‌లలో పార్కింగ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, గేర్‌బాక్స్ వెనక షాఫ్ట్ మీద డ్రమ్ము ఉంటుంది. యాక్సిల్ రాడ్డు లాగేస్తే ఆ బ్రేకుకీ చక్రాలకీ లింకు తెగిపోతుంది, వాలులో ఉంటే బండి దొర్లిపోతుంది. మీ బండికి బ్రేకు ఎక్కడుందో ముందే చూసుకోండి అన్నా.

సికింద్రాబాద్ సంచారి
బాటసారి గారూ, మీరు అడిగాక ఈ రోజు ఔటర్ రింగ్ రోడ్డు మీద చూశాను. మీటర్ 60 చూపించినప్పుడు జీపీఎస్ 67 చూపిస్తోంది. మా ఆవిడ పక్కన కూర్చుని రెండూ చదివి చెప్పింది. ఎన్నిసార్లు చూసినా అంతే.

దక్కన్ బాటసారి
అనుమానం బలపడింది. మామూలుగా మీటర్లు ఉన్న స్పీడు కంటే కొంచెం ఎక్కువే చూపిస్తాయి, తక్కువ చూపించవు. మీ మీటరుకి కేబులు గేర్‌బాక్స్ వెనక నుంచి వస్తుంది, అంటే అది షాఫ్ట్ తిరుగుడునే లెక్కపెడుతుంది. అది తక్కువ చూపిస్తోందంటే షాఫ్ట్ ఉండాల్సినంత వేగంగా తిరగట్లేదు. టైర్లు పెద్ద సైజువైనా వేసి ఉండాలి, లేదా యాక్సిల్ రేషియో అయినా మారి ఉండాలి. టైరు పక్కన రాసిన సైజు ఆర్సీతోనూ చాసిస్ ప్లేటుతోనూ కలుస్తుందో చూడండి. కలిస్తే ఎవరో హౌసింగ్ మార్చారు.

సికింద్రాబాద్ సంచారి
టైర్ల సైజు కలిసింది.

మియాపూర్ వంటిల్లు
సంచారి గారూ, నేను మా వారూ కలిసి మూడో బండి నడుపుతున్నాం. యాక్సిల్ గుర్తుపట్టే పని అన్నయ్యలు చెప్తున్నారు కాబట్టి నేను ఇంకో మాట చెప్తాను. మీ వెనక యాక్సిల్ ఎంత బరువు మోస్తోందో మీకు తెలుసా? రేషియో కంటే ముందు తెలియాల్సింది అది.

ఏదైనా ధర్మకాటాకి వెళ్లండి. ట్యాంకు నిండా నీళ్లు, సిలిండరు, బియ్యం, పరుపులు, మనుషులు, అన్నీ ప్రయాణంలో ఉన్నట్టే ఉండాలి. మొత్తం బండి ఒకసారి తూకం వేయించండి, తర్వాత ముందు చక్రాలు కాటా దింపేసి వెనకవి మాత్రమే ఉంచి ఇంకోసారి. ఆ రెండో అంకెని చాసిస్ ప్లేటు మీద రాసిన వెనక యాక్సిల్ బరువుతో పోల్చండి.

వెనక ట్యాంకు అన్నారు కదా. యాక్సిల్ నుంచి మీటరు వెనక 200 లీటర్ల ట్యాంకు ఉండి, చక్రాల మధ్య దూరం 3.5 మీటర్లు అనుకోండి. యాక్సిల్ మీద పడేది 200 కిలోలు కాదు, 257 కిలోలు. మిగతా 57 కిలోలు ముందు యాక్సిల్ నుంచి లేచి వెనక్కి వస్తాయి. స్టీరింగ్ తేలికైపోవడానికి కారణం అదే. మా రెండో బండికి ట్యాంకుని యాక్సిల్ ముందుకి మార్పించాక హబ్‌లు చల్లబడ్డాయి.

అన్నట్టు ఆ జిడ్డు ఏంటో చూశారా? చిన్న గిన్నెలో నీళ్లు పోసి, ఆ జిడ్డు ఒక చుక్క వేయండి. కలిసిపోతే బ్రేక్ ఆయిల్, పైన తేలితే హౌసింగ్ ఆయిల్. వాసన కూడా చెప్తుంది, హౌసింగ్ ఆయిల్ గంధకం కంపు కొడుతుంది.

సికింద్రాబాద్ సంచారి
అక్కా, చాలా థాంక్స్. చుక్క పైన తేలింది. వాసన కూడా మీరు చెప్పినట్టే ఉంది. కాటాకి ఈ వారం వెళ్తాను.

ఆటోనగర్ అబ్బాయి
అక్క చెప్పినదానికి ఇంకొకటి కలుపుతా. తడి ఎక్కడుందో కూడా ముఖ్యం. చక్రం బయటి వైపు, ఆ 8 బోల్టుల ప్లేటు దగ్గర నుంచి కారితే ప్లేటు ప్యాకింగ్ పోయినట్టు. అది చిన్న పని. టైరు లోపలి వైపు, డ్రమ్ము వెనక ప్లేటు మీద తడి ఉంటే హబ్ ఆయిల్ సీల్ పోయింది. మీది లోపలే అన్నారు, అంటే డ్రమ్ములోకి ఆయిల్ వెళ్తోంది, బ్రేకు లైనర్లు తడిసి ఉంటాయి. ఈ స్థితిలో ఘాట్ దిగకండి. శ్రీశైలం ప్రోగ్రాం ఆపుకోండి అన్నా, దండం పెడతా.

నిజాంపేట రోడ్డు
ఆయిల్ గురించి ఒక డౌటు. నా బండికి గేర్‌బాక్స్‌లో పోసిందే హౌసింగ్‌లోనూ పోస్తారు, రెండింటికీ "90 నంబరు" అంటారు. పరవాలేదా?

ఆటోనగర్ అబ్బాయి
పరవాలేదు అనొద్దు భయ్యా. 90 అనేది చిక్కదనం మాత్రమే. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఇంకొకటి ఉంటుంది, అసలు చూడాల్సింది అదే. హైపాయిడ్ క్రౌన్ పినియన్‌లో పినియన్ మధ్య గీత కంటే కిందకి ఉంటుంది, పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాకుండా పక్కకి జారుతూ రాసుకుంటాయి. ఆ రాపిడికి మామూలు ఆయిల్ పొర నిలవదు, జీఎల్-5లో ఉండే గంధకం, భాస్వరం మందులే పళ్లని కాపాడతాయి. అదే జీఎల్-5ని సింక్రో గేర్‌బాక్స్‌లో పోస్తే కొన్ని ఆయిళ్లు ఇత్తడి రింగుల్ని తినేస్తాయి. కాబట్టి దేనికి ఏది అని మాన్యువల్ చూసే పొయ్యండి. బరువు బండ్లకి మన ఎండల్లో 85డబ్ల్యూ-140 చెప్పే కంపెనీలున్నాయి, 80డబ్ల్యూ-90 చాలనే కంపెనీలూ ఉన్నాయి. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే డిఫరెన్షియల్) ఉంటే చాలావాటికి వేరే మందు కావాలి.

ఇంకో సంగతి, ఎవరు మరిచినా మీరు మరవద్దు. కింది డ్రెయిన్ ప్లగ్ విప్పే ముందు పైన పోసే ప్లగ్ వస్తుందో రాదో చూడండి. అది తుప్పు పట్టి తిరగకపోతే, ఉన్న ఆయిల్ కారిపోయి కొత్తది పొయ్యలేక బండి అక్కడే ఉండిపోతుంది.

దక్కన్ బాటసారి
ఆ జాగ్రత్త బంగారం లాంటిది. ఆయిల్ దింపేముందు బండిని ఓ పది కిలోమీటర్లు తిప్పి రావాలి, వేడి మీద అడుగున ఉన్న మట్టి కూడా దిగుతుంది. దిగిన ఆయిల్‌ని తెల్ల డబ్బాలో పట్టి చూడండి. అయస్కాంతం ప్లగ్‌కి బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుంటే భయం లేదు, పళ్లు అరిగేటప్పుడు రావాల్సిందే అది. చేతికి గుచ్చుకునే ముక్కలు, పెచ్చులు వస్తే అప్పుడు క్రౌన్ గురించి మాట్లాడుకుందాం. పాల కాఫీ రంగులో ఉంటే నీళ్లు పోయినట్టే. మన ఊళ్లో వర్షాకాలంలో మోకాలి లోతు నీళ్లలో బండి నడిపినవాళ్లందరూ ఒకసారి ఇది చూసుకోవాలి. వేడెక్కిన హౌసింగ్ నీళ్లలో దిగగానే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, బ్రీదర్ అనే గాలి రంధ్రం నుంచీ సీళ్ల నుంచీ నీళ్లు లాక్కుంటుంది.

సికింద్రాబాద్ సంచారి
ఈ ఆదివారం తెలిసినవాళ్ల షెడ్డులో లేపాం. ట్యాంకు ఖాళీ చేసి, ఓటాలు వేసి, నాలుగు స్టాండ్లు పెట్టాం. మా తమ్ముడు కుడి చక్రం పట్టుకున్నాడు, నేను ఎడమది తిప్పాను. రెండు చుట్లకి షాఫ్ట్ నాలుగున్నర దాటి కొంచెం తిరిగింది. ఆ "కొంచెం" ఎంతో తేలలేదు.

దక్కన్ బాటసారి
ఎక్కువ చుట్లు తిప్పండి, తేలిపోతుంది. 18 చుట్లు తిప్పితే క్రౌన్ 9 చుట్లు తిరిగినట్టు. షాఫ్ట్ సరిగ్గా 41 దగ్గర గీత కలిస్తే మీ క్రౌన్‌కి 41 పళ్లు, పినియన్‌కి 9.

సికింద్రాబాద్ సంచారి
41! గీత మీద గీత పడింది. మా తమ్ముడు అరిచిన అరుపుకి షెడ్డు వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

తర్వాత చాసిస్ నంబరు పట్టుకుని స్పేర్ పార్టుల కౌంటర్‌లో అడిగాను. ఈ చాసిస్‌కి కంపెనీ ఇచ్చింది 41/8 అని కంప్యూటర్‌లో చూసి చెప్పారు.

దక్కన్ బాటసారి
ఇప్పుడు మీ లెక్క కుదిరింది చూడండి. 41ని 8తో భాగిస్తే 5.125, 9తో భాగిస్తే 4.556. షాఫ్ట్ తొమ్మిదింట ఎనిమిది వంతులే తిరుగుతోంది. అసలు స్పీడు 67న్నర ఉన్నప్పుడు మీటర్ 60 చూపించాలి. మీ ఫోన్ చెప్పింది అదే.

హైవే మీద ఇంజన్ ప్రశాంతంగా ఉండాలని ఎవరో ఈ హౌసింగ్ వేయించారు. చదునైన రోడ్డు మీద బాగానే ఉంటుంది. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు చక్రానికి అందే బలం 11 శాతం తగ్గుతుంది, దిగేటప్పుడు ఇంజన్ బ్రేకింగ్ కూడా అంతే తగ్గుతుంది. ఘాట్‌లో మీకు అలవాటైన గేరు కంటే ఒకటి కిందే ఉంచి దిగాలి. బోయిన్‌పల్లి ఆయన మాట విని 41/8 క్రౌన్ సెట్ కొని ఉంటే, మీ హౌసింగ్‌కి అది సరిపోయేదో లేదో కూడా చెప్పలేం.

సికింద్రాబాద్ సంచారి
ఇంకో విషయం బయటపడింది, ఫొటో చూడండి. నంబరు కోసం హౌసింగ్ పైన ఆ నల్ల కోటింగ్‌ని గరిటెలాంటి రేకుతో గీకుతుంటే కింద ఒక చిన్న టోపీలాంటిది వచ్చింది. దాని మీద రెండు మిల్లీమీటర్ల మందం కోటింగ్ పేరుకుని ఉంది. తిప్పినా కదలట్లేదు. ఇదేంటి?

ఆటోనగర్ అబ్బాయి
అన్నా! అదే బ్రీదర్. మీ లీకు అక్కడే పుట్టింది.

బండి నడిస్తే హౌసింగ్‌లో ఆయిల్ వేడెక్కుతుంది, గాలి వ్యాకోచిస్తుంది. ఆ గాలి ఈ టోపీ నుంచి బయటికి పోవాలి. దాన్ని మూసేస్తే లోపల ప్రెషర్ పెరిగి, ఆయిల్‌ని సీళ్ల మీదకి తోస్తుంది. ఏ సీల్ బలహీనంగా ఉంటే అక్కడ కారుతుంది. మీరు ఎన్ని కొత్త సీళ్లు వేసినా బ్రీదర్ తెరవకపోతే మళ్లీ కారుతుంది. బాడీ కట్టేటప్పుడు దాని మీద టేపు వేసి స్ప్రే కొట్టాల్సింది, ఎవరూ పట్టించుకోలేదు. మారిస్తే వందల్లో అయిపోతుంది. వీలైతే దానికి గొట్టం బిగించి చాసిస్ పైకి తెప్పించండి, నీళ్లలో దిగినా భయం ఉండదు.

మియాపూర్ వంటిల్లు
ఈ ఒక్క ఫొటో కోసం ఈ చర్చ చదివినా చాలు. అండర్‌బాడీ కోటింగ్ కొట్టించిన ప్రతివాళ్లూ ఈ రోజే కిందకి వంగి చూసుకోండి. మా బండికీ చూశాను, బాగానే ఉంది.

డల్లాస్ తమ్ముడు
మరి కూత? ప్రెషర్ వల్ల కూత రాదు కదా.

ఆటోనగర్ అబ్బాయి
రాదు. ఆయిల్ తగ్గితే వస్తుంది, బేరింగ్ లూజైతే వస్తుంది. సంచారి అన్నా, ఖాళీ రోడ్డు మీద ఒకసారి చెవి పెట్టి వినండి. యాక్సిలరేటర్ నొక్కితే ఒకలా, వదిలితే ఇంకోలా మారితే క్రౌన్ పినియన్ వైపు చూడాలి. నొక్కినా వదిలినా ఒకేలా ఉండి, స్పీడుతో పాటు పెరిగితే బేరింగ్. అందులోనూ సన్నటి కీచు అయితే పినియన్ బేరింగ్, ఎందుకంటే అది చక్రం కంటే నాలుగైదు రెట్లు వేగంగా తిరుగుతుంది. లావుగా గరగరమంటే హబ్ బేరింగ్. కుడికి తిప్పితే పెరిగి ఎడమకి తిప్పితే తగ్గితే ఎడమ హబ్ అని దాదాపు ఖాయం, తిరిగేటప్పుడు బరువు బయటి చక్రం మీద పడుతుంది కాబట్టి. మలుపుల్లోనే చప్పుడు వస్తే స్టార్ గేర్లు, అంటే డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు. గేరు వేసి క్లచ్ వదలగానే టక్ మంటే మొదట షాఫ్ట్ చివర ఉండే జాయింట్ క్రాస్ చూడండి.

సికింద్రాబాద్ సంచారి
ఔటర్ సర్వీసు రోడ్డు మీద, పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు చూశాను. నొక్కినా వదిలినా ఒకటే. కుడి మలుపులో పెరుగుతోంది. దూరం వెళ్లి ఆగాక చక్రాల మధ్యలో చెయ్యి పెట్టి చూస్తే కుడి హబ్ గోరువెచ్చగా ఉంది, ఎడమది ముట్టుకోలేకపోయాను.

ఆటోనగర్ అబ్బాయి
ఎడమ హబ్ బేరింగ్. క్రౌన్ జోలికి పోకండి. నా షెడ్డుకి తెస్తే మీ ముందే విప్పుతా, మీరే చూడొచ్చు.

సికింద్రాబాద్ సంచారి
తెచ్చాను, విప్పారు, నేను మొత్తం పక్కనే ఉండి చూశాను. అందరికీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

ఎడమ వైపు 8 బోల్టులు తీసి, ప్లేటు మీద సుత్తితో మెల్లగా కొడితే లోపలి కోన్ వాషర్లు వదిలాయి. రాడ్డు చేతితో లాగగానే వచ్చింది. తర్వాత లాక్ నట్టు. అది చేతి వేళ్లతో తిరిగింది! లాక్ వాషర్ చెవి వంచి లేదు, అంటే ఎవరో ముందు ఒకసారి విప్పి సరిగ్గా బిగించలేదు. డ్రమ్ము లాగితే లోపల లైనర్లు నల్లగా ఆయిల్‌లో నాని ఉన్నాయి. లోపలి బేరింగ్ రోలర్ల మీద గోధుమ రంగు మచ్చలు, కప్పు (రోలర్లు దొర్లే బయటి రింగు) మీద గీతలు. సీల్ పెదవి గట్టిపడి ప్లాస్టిక్‌లా అయిపోయింది.

లైనర్లని పెట్రోలుతో కడిగి మళ్లీ వేద్దామని అక్కడున్న ఒకాయన అన్నాడు. అబ్బాయి ఒప్పుకోలేదు. లైనర్ ఆయిల్ పీల్చుకుంటే పైన ఎండినట్టు కనపడ్డా బ్రేకు వేసి వేడెక్కగానే మళ్లీ కక్కుతుందట. మార్చితే రెండు వైపులా మార్చాలి, లేకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది. కుడివైపు సీల్, ప్యాకింగులు కూడా మార్పించాను.

సామాను రాణీగంజ్‌లో తెచ్చాం. పాత బేరింగ్, పాత సీల్ చేతిలో పట్టుకెళ్లాం. బేరింగ్ మీద నంబరు ఉంటుంది, కొలత అందులోనే దాగి ఉంటుంది. 32210 అని ఉంటే చివరి రెండంకెల్ని 5తో గుణిస్తే లోపలి రంధ్రం 50 మిల్లీమీటర్లు. సీల్ మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం వరుసగా రాసి ఉంటాయి. బేరింగ్‌ని కప్పుతో కలిపి సెట్టుగానే మార్చాలని షాపాయన కూడా చెప్పాడు.

దక్కన్ బాటసారి
సీల్ కూర్చునే చోట గోటితో గీకి చూశారా? పాత సీల్ పెదవి అక్కడ గాడి చేసి ఉంటే కొత్త సీల్ కూడా ఆ గాడిలోంచే కారుస్తుంది.

ఆటోనగర్ అబ్బాయి
చూశాను బాబాయ్ గారూ. సన్నటి గాడి ఉంది, గోరు తగులుతోంది. పల్చటి స్లీవ్ ఎక్కించి దాని మీద సీల్ కూర్చోబెట్టాను. హబ్ నట్టు డ్రమ్ము తిప్పుతూ బిగించి, రోలర్లు సర్దుకున్నాక వెనక్కి వదిలి, మాన్యువల్‌లో ఉన్నంత ఆట (లూజు) ఉంచి లాక్ వాషర్ చెవి వంచాను. కొత్త బ్రీదర్, గొట్టం వేశాను. ఆయిల్ దింపితే లీటరుకి పైగా తక్కువ ఉంది. ప్లగ్‌కి పేస్టే ఉంది, ముక్కల్లేవు. క్రౌన్ ఆట డయల్ గేజ్ పెట్టి చూశా, 0.2 మిల్లీమీటర్లు వచ్చింది, ఈ సైజు హౌసింగ్‌కి మంచి అంకె. కొత్త ఆయిల్ లెవెల్ ప్లగ్ అంచు నుంచి కారేదాకా పోశాను.

నిజాంపేట రోడ్డు
ఎడమ వైపు వీల్ నట్లు ఉల్టా థ్రెడ్డా?

ఆటోనగర్ అబ్బాయి
ఈ బండికి కాదు. కొన్ని లారీలకి ఎడమవైపు ఉల్టా ఉంటాయి, తెలియక నాలుగడుగుల రాడ్డు వేసి స్టడ్లు విరగ్గొడతారు. స్టడ్ చివర అక్షరం కొట్టి ఉంటుంది, చూసుకుని విప్పాలి.

సికింద్రాబాద్ సంచారి
కూత పోయింది. ఔటర్ మీద 70 దాకా వెళ్లి చూశాను, కిటికీ గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండు హబ్‌లూ ఒకే వెచ్చదనంలో ఉన్నాయి. అరవై వేల క్రౌన్ సెట్ అవసరమే లేకుండా పోయింది. మీ అందరికీ ఏం చెప్పాలో తెలియట్లేదు.

కాటా కూడా వేయించాను. అక్కా, మీరు చెప్పింది నిజమే. వెనక యాక్సిల్ మీద ప్లేటు రాసినదానికంటే 190 కిలోలు ఎక్కువ ఉంది. కమాన్ పట్టీ ఇంకొకటి వేయిస్తే సరిపోతుందా?

మియాపూర్ వంటిల్లు
వద్దండీ. పట్టీ వేస్తే బండి ఎత్తు లేస్తుంది, అంతే. హౌసింగ్, బేరింగ్, టైరు, బ్రేకు మోసే శక్తి పెరగదు. బరువే దింపాలి. ట్యాంకు ముందుకి జరపండి, ఘాట్ వెళ్లేటప్పుడు సగం నీళ్లతో వెళ్లండి, అక్కడ నింపుకోవచ్చు. పైన క్యారియర్ మీద ఏముందో ఒకసారి దింపి చూడండి.

దక్కన్ బాటసారి
అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. పట్టీ వేయడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. కొన్ని బండ్లకి చాసిస్ నుంచి వెనక యాక్సిల్‌కి చిన్న రాడ్డుతో కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వు ఉంటుంది. బరువు పడి చాసిస్ కిందకి దిగితే వెనక బ్రేకులకి ఎక్కువ ప్రెషర్ ఇస్తుంది. పట్టీ వేసి ఎత్తు లేపితే, బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకులు తగ్గిస్తుంది. నిండు బరువుతో ఉన్న బండికి వెనక బ్రేకు సగమే పడుతుంది. సంచారి గారూ, హౌసింగ్ మార్చినవాళ్లు ఆ రాడ్డుని మళ్లీ సరైన చోట తగిలించారో లేదో కూడా చూపించండి. యాక్సిల్‌ని పట్టీలకి పట్టి ఉంచే యూ-బోల్టులు ఓ 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి.

సికింద్రాబాద్ సంచారి
వాల్వు ఉంది. రాడ్డు కూడా ఉంది, కానీ తీగతో కట్టి ఉంది! రేపే అబ్బాయి దగ్గరికి తీసుకెళ్తున్నా.

డల్లాస్ తమ్ముడు
తీగతోనా? అన్నా, అది బాగయ్యేదాకా బండి బయటికి తీయకండి.

నిజాంపేట రోడ్డు
హౌసింగ్ మారిన సంగతి ఆర్టీఏలో చెప్పాలా?

మియాపూర్ వంటిల్లు
మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ మార్పుల గురించే ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదంటుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు కూడా దాన్నే పట్టుకుంటారు. సంచారి గారు ఆర్టీఏలో, ఇన్సూరెన్స్‌లో రెండు చోట్లా ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకుంటే మంచిది.

ఆటోనగర్ అబ్బాయి
రాడ్డు పని రేపు పొద్దున్న పెట్టుకుందాం అన్నా. రాత్రికి ట్యాంకు ఖాళీ చేసి ఉంచండి, ఖాళీ బండి మీద ఒకసారి, నింపాక ఒకసారి కొలత చూడాలి. కొత్త ఆయిల్ పోశాం కదా, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ప్లగ్ విప్పి అయస్కాంతం ఫొటో ఇక్కడే పెట్టండి. టోయింగ్ అవసరం పడితే వెనక చక్రాలు నేల మీద ఉంచి లాగనియ్యకండి, ముందుగా ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పించండి, ఇంజన్ ఆగి ఉంటే గేర్‌బాక్స్ లోపల ఆయిల్ సరిగ్గా అందదు.

సికింద్రాబాద్ సంచారి
అలాగే తమ్ముడూ. ట్యాంకు ఇప్పుడే వదిలాను. శ్రీశైలం వచ్చే నెలకి మార్చాం.